జీమెయిల్ పాస్‌వర్డ్ మరచిపోతే: ఇంట్లోనే కూర్చుని ఖాతాను తిరిగి తెచ్చుకునే పద్ధతి

పాస్‌వర్డ్ గుర్తుకు రాకపోతే మన హైదరాబాద్‌లో చాలామంది మొదట చేసే పని దగ్గర్లో ఉన్న నెట్ సెంటరుకు వెళ్లడం. దరఖాస్తు గడువు ఆ సాయంత్రమే ముగుస్తున్నా, హాల్ టికెట్ ఆ మెయిలుకే వచ్చి ఉన్నా తొందరపడటం సహజమే. కానీ పోయిన ఖాతాను తిరిగి తెచ్చుకోవాలనుకునేవారు వెళ్లకూడని చోటు ఏదైనా ఉందంటే అది నెట్ సెంటరే. ఎందుకో ముందు చెప్పి, ఆ తరువాత పద్ధతిలోకి వస్తాను. కారణం తెలియకుండా మెట్లు మాత్రమే పాటిస్తే మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగిపోక తప్పదు.

గూగుల్ కంప్యూటర్లకు మన ముఖం తెలియదు, మన గొంతు తెలియదు. ఖాతా అడుగుతున్నది అసలు యజమానా, మరెవరైనానా అన్నది అవి ఆనవాళ్లను బట్టి తేల్చుకుంటాయి. ఈ ఖాతాను ఇంతకు ముందు తెరిచిన ఫోనేనా ఇది, బ్రౌజరు అదేనా, రోజూ తెరిచే ఇంటి నుంచో ఆఫీసు నుంచో అడుగుతున్నారా, నమోదైన నంబరు వీరి చేతిలో ఉందా, పాత పాస్‌వర్డ్ ఒక్కటైనా చెప్పగలిగారా అని చూస్తాయి. అమీర్‌పేటలో రోజుకు పదుల మంది కూర్చుని లేచే కంప్యూటరు నుంచి అడిగితే వీటిలో సగం ఆనవాళ్లు అక్కడే చెల్లవు. సమాధానాలన్నీ సరైనవే అయినా అనుమానం మిగిలిపోతుంది.

మల్కాజిగిరిలో ఉండే మా బాబాయిగారికి సరిగ్గా ఇదే జరిగింది. రిటైరైన తరువాత పీఎఫ్ పనికి మెయిలు అవసరమై, ఒక నెట్ సెంటరులో రెండు గంటలు కూర్చుని, వంద రూపాయలు ఇచ్చి, చివరికి నాకు ఫోను చేశారు. "ఒరేయ్, పుట్టిన తేదీ దగ్గర నుంచి అన్నీ సరిగ్గానే చెప్పానురా, అయినా నేను నేను కాదంటోంది" అన్నారు. మరునాడు వాళ్లింటికి వెళ్లి, టీవీ బల్ల సొరుగులో ఏడాదిగా పడి ఉన్న పాత టాబ్లెట్‌ను బయటకు తీసి, అరగంట ఛార్జింగు పెట్టి ఆన్ చేస్తే, ఆయన మెయిలు అందులో తెరిచే ఉంది. ఇంటి వైఫై కూడా దానంతట అదే కలిసింది. మిగతా పని పది నిమిషాలు పట్టింది. ఈ వ్యాసమంతా ఆ పది నిమిషాల పని గురించి, అది అంత తేలిగ్గా కుదరనప్పుడు చేయవలసిన పనుల గురించి.

అసలు మరచిపోయారా, లేదా తప్పుగా కొడుతున్నారా?

రికవరీ, అంటే ఖాతాను తిరిగి తెచ్చుకునే పని, మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు దీనికి కేటాయించండి. ఫోను కీబోర్డు మొదటి అక్షరాన్ని తనంతట తానే పెద్ద అక్షరంగా మార్చి ఉండవచ్చు, క్యాప్స్ లాక్ పడి ఉండవచ్చు, కీబోర్డు తెలుగులో ఉండిపోయి ఉండవచ్చు. పాస్‌వర్డ్ గడి కింద ఉండే 'షో పాస్‌వర్డ్' నొక్కి, కొట్టిన అక్షరాలను కంటితో చూసుకోండి. మెయిలు చిరునామా కూడా సరిచూసుకోండి. జీమెయిల్ చిరునామాలో చుక్కలు ఎక్కడున్నా లేకపోయినా తేడా రాదు గానీ, ఒక అంకె మారితే అది వేరొకరి ఖాతా అవుతుంది. చిరునామాయే గుర్తు లేకపోతే సైన్ ఇన్ పేజీలో 'ఫర్గాట్ ఈమెయిల్' నొక్కి, నమోదైన ఫోను నంబరు, ఖాతాలో ఇచ్చిన పేరు చెప్పి కనుక్కోవచ్చు.

ఈ దశలో కనిపించే ఒక సందేశాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మీరు కొట్టిన పాస్‌వర్డ్ ఒకప్పుడు సరైనదే అయితే, అది ఫలానా ఇన్ని రోజుల క్రితం మారిందని గూగుల్ చెబుతుంది. మార్చింది మీరే అయితే కొత్తది ఎక్కడ రాసుకున్నారో వెతకండి. మీరు గానీ ఇంట్లోవారు గానీ మార్చలేదంటే, ఇది మతిమరుపు కాదు, ఖాతా మరొకరి చేతిలోకి వెళ్లిందని అర్థం. అప్పుడు రేపు చూద్దామని వాయిదా వేయడానికి వీల్లేదు. ఖాతా పోతే కోడ్ పంపడానికి మీరిచ్చి ఉంచిన రికవరీ ఫోను నంబరును దొంగ తీసేసి తనది పెట్టుకున్నా, మార్చిన నాటి నుంచి 7 రోజుల వరకు పాత నంబరుకు లేదా పాత రికవరీ మెయిలుకు కోడ్ పంపే అవకాశాన్ని గూగుల్ ఇవ్వవచ్చు. ఆ వారం దాటితే దారి ఇరుకవుతుంది.

ముందుగా ఇంట్లో ఉన్న పరికరాలన్నీ వెతకండి

ఈ ఖాతాతో ఒకప్పుడు వాడిన ప్రతి ఫోనునూ, టాబ్లెట్‌నూ, ల్యాప్‌టాప్‌నూ బల్ల మీదకు తెండి. పిల్లలకు ఆటల కోసం ఇచ్చిన పాత ఫోను, తెర పగిలిందని పక్కన పెట్టినది, ఊళ్లో అమ్మ వాడుతున్నది, అన్నీ లెక్కలోకి వస్తాయి. వాటిలో దేంట్లోనైనా మెయిలు ఇంకా తెరిచి ఉంటే దాన్ని జాగ్రత్తగా పట్టుకోండి. సైన్ అవుట్ చేయకండి, ఖాతాను తీసేసి మళ్లీ పెడదామని ప్రయత్నించకండి, అన్నిటికంటే ముఖ్యంగా ఫ్యాక్టరీ రీసెట్ (ఉన్నదంతా చెరిపి కొత్తదానిలా చేయడం) చేయకండి. ఆండ్రాయిడ్ ఫోనును బలవంతంగా రీసెట్ చేస్తే, అంతకు ముందు అందులో ఉన్న గూగుల్ ఖాతా వివరాలు ఇవ్వనిదే అది తెరుచుకోదు. మెయిలుతో పాటు ఫోను కూడా పోగొట్టుకున్నట్టవుతుంది.

తెరిచి ఉన్న ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, గూగుల్ అన్న చోట నొక్కి, మీ ఖాతాను ఎంచుకుని, 'మేనేజ్ యువర్ గూగుల్ అకౌంట్'లోకి, అక్కడి నుంచి సెక్యూరిటీ విభాగంలోకి వెళ్లండి. అందులో పాస్‌వర్డ్ అన్న వరుసను నొక్కితే పాత పాస్‌వర్డ్ అడుగుతుంది. కింద 'ఫర్గాట్ పాస్‌వర్డ్' నొక్కండి. చాలాసార్లు ఆ ఫోను లాక్ తీసే వేలిముద్రనో పిన్‌నో అడిగి, దాంతోనే తృప్తిపడి, కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోనిస్తుంది. బాబాయిగారి టాబ్లెట్‌లో జరిగింది ఇదే. పిన్ ఏమిటని నేను అడిగితే, "అదే, మన ఇంటి నంబరే" అని ఆయన వెంటనే చెప్పారు. ఆ పిన్‌ను కూడా ఆ రోజే మార్పించాను, అది వేరే సంగతి.

ల్యాప్‌టాప్‌లో గానీ ఫోనులో గానీ క్రోమ్ వాడేవారికి మరో దారి ఉంది. ఎప్పుడో 'సేవ్ పాస్‌వర్డ్' అని అడిగినప్పుడు సరేనని ఉంటే ఆ పాస్‌వర్డ్ అక్కడే దాగి ఉంటుంది. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్‌ను తెరిచి, గూగుల్ పేరుతో ఉన్న వరుస కోసం చూడండి. కంప్యూటరు పిన్ లేదా ఫోను లాక్ చెబితే పాస్‌వర్డ్ అక్షరాలతో సహా కనిపిస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. ఐఫోను వాడేవారు అందులో దాచుకున్న పాస్‌వర్డ్‌ల జాబితాను చూడాలి.

రికవరీ పేజీ దగ్గర ఓపిక పట్టాలి

పరికరాల దారి మూసుకుపోతే అప్పుడు రికవరీ పేజీకి రావాలి. సైన్ ఇన్ పేజీలో 'ఫర్గాట్ పాస్‌వర్డ్' నొక్కినా, జీ డాట్ కో స్లాష్ రికవర్ అన్న చిరునామాను నేరుగా కొట్టినా అక్కడికే చేరతారు. ఎక్కువగా వాడిన పరికరం, ఎక్కువగా వాడిన బ్రౌజరు, ఎక్కువగా ఉండే చోటు, ఈ మూడూ కలిసేలా చూసుకుని కూర్చోండి. మెయిలు ఎప్పుడూ ఆఫీసు కంప్యూటరులోనే తెరిచేవారు ఇంటికి బదులు ఆఫీసు నుంచే ప్రయత్నించడం మంచిది. మీరున్న చోటును దాచే వీపీఎన్ యాప్ ఉంటే ఆపేయండి.

మొదట, గుర్తున్న చివరి పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇక్కడ చాలామంది తెలియదని దాటేస్తారు, అది పొరపాటు. ఇప్పటిది గుర్తు లేకపోయినా అంతకు ముందుది, దానికి ముందుది, ఏది గుర్తుంటే అది ఇవ్వండి. పూర్తి నమ్మకం లేకపోతే ఊహించి అయినా రాయండి. తప్పు సమాధానం ఇచ్చినంత మాత్రాన ప్రక్రియ నుంచి బయటకు తోసేయరు. ఆ తరువాత నమోదైన నంబరుకు కోడ్ పంపమంటారా, మరో ఫోనులో వచ్చిన ప్రశ్నకు అవునంటారా, రికవరీ మెయిలుకు పంపమంటారా అని ఒక్కొక్కటే అడుగుతుంది. ఒకటి కుదరకపోతే 'ట్రై అనదర్ వే' నొక్కితే తరువాతిది వస్తుంది. కోడ్ మెయిలు కనిపించకపోతే స్పామ్‌లో చూడండి.

కొన్నిసార్లు అన్నీ ఇచ్చాక కూడా వెంటనే తలుపు తీయదు. కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల వరకు ఆగమని, ఆ తరువాత లింకు పంపుతామని చెబుతుంది. ఇది తిరస్కారం కాదు. నిజమైన యజమాని మరొకరు ఉంటే, ఎవరో ఖాతాను అడుగుతున్నారని వారికి కబురు పంపి, అడ్డుకునే వ్యవధి ఇవ్వడమే ఈ ఆలస్యం ఉద్దేశం. ఈ లోపల ఆదుర్దాతో పదేపదే కొత్త ప్రయత్నాలు మొదలుపెట్టకుండా, చెప్పిన సమయానికి అదే పరికరంలో లింకు తెరవండి.

నంబరు పోయినవారి సంగతి

నా అనుభవంలో ఎక్కువ ఖాతాలు చిక్కుకునేది ఇక్కడే. ఇంటర్ చదివేటప్పుడు ఎంసెట్ దరఖాస్తు కోసం హడావుడిగా తెరిచిన మెయిలులో అప్పటి నాన్న నంబరో, హాస్టల్ మిత్రుడి నంబరో, ఒక్కోసారి ఖాతా తెరిచి పెట్టిన నెట్ సెంటర్ అబ్బాయి నంబరో ఉండిపోతుంది. పరీక్ష పేరు కూడా మారి ఈఏపీసెట్ అయింది గానీ మెయిలులో నంబరు మాత్రం మారలేదు. కోడ్ ఎవరికి వెళుతున్నదో తెరమీద కనిపించే చివరి రెండు అంకెలను బట్టి గుర్తుపట్టండి. తెలిసినవారిదే అయితే ముందుగా వారికి ఫోను చేసి, వారు ఫోను చేతిలో పట్టుకున్నాకనే రికవరీ పేజీలో కోడ్ పంపమని నొక్కండి. కోడ్ కొద్ది నిమిషాలే పనిచేస్తుంది.

సిమ్ పోయినా పాడైనా, నంబరు మీ పేరు మీదే ఉంటే, ఆధార్ తీసుకుని మీ నెట్‌వర్క్ స్టోరుకు వెళ్లి అదే నంబరుకు కొత్త సిమ్ తీసుకోండి. అయితే కొత్త సిమ్ పనిచేయడం మొదలైన వెంటనే ఓటీపీ కోసం ఎదురు చూడవద్దు. నకిలీ సిమ్ మోసాలను ఆపడానికి టెలికాం శాఖ పెట్టిన నియమం ప్రకారం, సిమ్ మార్చిన తరువాత 24 గంటల పాటు ఎస్సెమ్మెస్‌లు ఆగిపోతాయి. ఈ సంగతి తెలియక ఆ రాత్రంతా కోడ్ పంపు, కోడ్ పంపు అని నొక్కేవారు, చాలాసార్లు అడిగినందుకు గూగుల్ చేత కూడా ఆగమనిపించుకుంటారు. మరునాటి సాయంత్రం ప్రయత్నించండి.

రీఛార్జి చేయక రద్దయిన నంబరైతే దాన్ని మరచిపోవడమే మంచిది. రద్దయిన నంబరును కొంత విరామం తరువాత మరొకరికి ఇస్తారు. అంటే మీ మెయిలు కోడ్‌లు రేపు ఏ అపరిచితుడి ఫోనులోనో మోగవచ్చు. ఎలాగోలా ఖాతా తెరుచుకున్న వెంటనే ఆ నంబరును తీసేయాలి.

రికవరీ మెయిలు కూడా ఇలాగే గొలుసుకట్టుగా చిక్కుకుంటుంది. జీమెయిల్‌కు రికవరీగా యాహూ చిరునామా ఇచ్చి, ఆ యాహూను ఏళ్ల తరబడి తెరవనివారు ఎందరో. యాహూ 12 నెలలు తెరవని మెయిల్‌బాక్సును నిష్క్రియం చేస్తుంది. గూగుల్ కూడా 2 ఏళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని 2023లో ప్రకటించి, ఆ ఏడాది డిసెంబరు నుంచి అమల్లోకి తెచ్చింది. కాబట్టి ముందు గొలుసు చివరన ఉన్న ఖాతాను సరిచేసుకుని, అక్కడి నుంచి ఒక్కొక్కటే పైకి రండి.

హాట్‌మెయిల్, ఔట్‌లుక్ వాడేవారికి మైక్రోసాఫ్ట్ ఒక ఫారం ఇస్తుంది. పాత పాస్‌వర్డ్‌లు, ఈ మధ్య పంపిన మెయిళ్ల సబ్జెక్టులు, ఎవరికి పంపారో వారి చిరునామాలు అందులో రాయాలి. సమాధానం రావడానికి పనిచేసే మరో మెయిలు ఇవ్వాలి. రోజుకు రెండుసార్లకు మించి ఫారం పంపనివ్వదు. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో ఆధారం కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకున్న ఖాతాలకు ఆ ఫారం పనిచేయదు. కాలేజీ మెయిలు, కంపెనీ మెయిలు అయితే ఈ శ్రమంతా అక్కర్లేదు, అక్కడి ఐటీ విభాగంవారే మార్చి ఇస్తారు.

ఫోనులో సాయం చేస్తామనేవారి గురించి

జీమెయిల్ కస్టమర్ కేర్ నంబరు అని వెతకకండి. మరచిన పాస్‌వర్డ్‌ను ఫోనులో తెరిచి ఇచ్చే గూగుల్ నంబరు లేదు. వెతికితే కనిపించే నంబర్ల వెనుక ఉన్నవారు తెర పంచుకునే యాప్ పెట్టుకోమంటారు, పది రూపాయలు ఫీజు కట్టమంటారు, వచ్చిన కోడ్ చదవమంటారు. మెయిలు కోసం వెళ్లినవారు బ్యాంకు ఖాతా పోగొట్టుకునేది ఇక్కడే. గూగుల్ ఆఫీసు మన ఊళ్లోనే ఉందిగా, వెళ్లి అడుగుదామని ఒక పెద్దాయన నాతో నిజంగానే అన్నారు. 2025 జూన్‌లో గూగుల్ తన భద్రతా ఇంజనీరింగ్ కేంద్రాన్ని కూడా హైదరాబాద్‌లోనే ప్రారంభించింది. అయినా ఆ గేటు దగ్గర ఆధార్ కార్డు చూపిస్తే పాస్‌వర్డ్ ఇచ్చేవారెవరూ ఉండరు.

ఎవరైనా మీ ఖాతాలోకి చొరబడి డబ్బు కాజేశారని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. డబ్బు పోకపోయినా, మరొకరి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడటం ఐటీ చట్టం 66సీ సెక్షను కింద 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడే నేరం.

తలుపు తెరుచుకున్న తరువాత

ఖాతా చేతికి వచ్చిందన్న ఆనందంలో చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. దొంగ ప్రవేశించిన ఖాతా అయితే ఇంకా సగం పనే అయినట్టు. పాస్‌వర్డ్ మార్చినా అతను వదిలి వెళ్లిన ఏర్పాట్లు అలాగే ఉంటాయి. వీలైతే కంప్యూటరులో జీమెయిల్ తెరిచి సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. 'ఫార్వర్డింగ్' విభాగంలో మీకు తెలియని చిరునామా ఉంటే, మీకు వచ్చే ప్రతి మెయిలు నకలు అతనికి వెళుతున్నట్టే. 'ఫిల్టర్స్' విభాగంలో బ్యాంకు మెయిళ్లను కనబడకుండా చెత్తబుట్టలో వేసే నియమం ఉండవచ్చు. 'అకౌంట్స్' విభాగంలో మీ ఖాతాను చదవడానికి మరొకరికి అనుమతి ఇచ్చి ఉండవచ్చు. అన్నిటినీ తీసేయండి. ఇన్‌బాక్సు అడుగున కుడివైపు 'డీటెయిల్స్' అన్న చిన్న అక్షరాలను నొక్కితే ఎప్పుడు, ఏ పరికరం నుంచి ఖాతా తెరిచారో కనిపిస్తుంది.

తరువాత ఖాతా సెక్యూరిటీ పేజీలో 'యువర్ డివైసెస్' జాబితా చూసి, గుర్తుపట్టలేని ప్రతి పరికరాన్నీ సైన్ అవుట్ చేయండి. గూగుల్ ఖాతాతో లాగిన్ అయిన యాప్‌ల జాబితా కూడా అక్కడే ఉంటుంది. ఎప్పుడో ఆడి వదిలేసిన ఆటలు, ఒక్క ఫొటో కోసం వాడిన యాప్‌లు, వాటికి ఇచ్చిన అనుమతులు రద్దు చేయవచ్చు.

కొత్త పాస్‌వర్డ్ విషయంలో నా సలహా ఒక్కటే: చిక్కుగా ఉండటం కంటే పొడవుగా ఉండటం మేలు. పేరు, పుట్టిన ఏడాది, చివర ఒక ఎట్ గుర్తు అన్నది ఊహించడానికి ఎంతో సేపు పట్టదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లిషు అక్షరాల్లో కలిపి రాయండి. చింతచిగురు, నిచ్చెన, ఆదివారం, పొట్లం లాంటివి, అయితే ఇవే కాదు. తెలుగు లిపిలో రాసిన పాస్‌వర్డ్‌ను గూగుల్ ఒప్పుకోదు. ఇదే పాస్‌వర్డ్‌ను మరే సైటులోనూ వాడకండి, ఎందుకంటే ఏదో చిన్న సైటు నుంచి బయటకు పొక్కిన పాస్‌వర్డ్‌ను దొంగలు మొదట ప్రయత్నించేది మెయిలు మీదనే.

రికవరీ ఫోనుగా మీ పేరు మీద ఉన్న, మీరే రీఛార్జి చేసుకునే నంబరునే పెట్టండి. రికవరీ మెయిలుగా ఇంట్లో మీరు నమ్మే ఒకరిది పెట్టవచ్చు. ఆ తరువాత టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. ఎస్సెమ్మెస్ కోడ్ కంటే, ఫోనులోనే కోడ్‌లు చూపే ఆథెంటికేటర్ యాప్ మెరుగు, రెండిటి కంటే పాస్‌కీ మెరుగు. పాస్‌కీ ఉంటే ఫోను లాక్ తీసినట్టే వేలిముద్రతో ఖాతాలోకి వెళ్లవచ్చు, నకిలీ పేజీలో పొరపాటున కొట్టడానికి పాస్‌వర్డే ఉండదు. అయితే ఇవన్నీ ఒకే ఫోనులో ఉంటే, ఆ ఫోను పోయిన రోజున మళ్లీ మొదటికి వస్తారు. జగదీష్ మార్కెట్‌లో పాత ఫోను ఇచ్చేసి కొత్తది తెచ్చుకునేవారు, ఆథెంటికేటర్‌లోని ఖాతాలను కొత్త ఫోనులోకి మార్చుకున్నాకే పాతదాన్ని చేయి దాటనివ్వాలి. పాస్‌వర్డ్ ఈ మధ్యే మార్చి ఉంటే, పాత ఫోనును రీసెట్ చేయడానికి 24 గంటలు ఆగండి.

ఫోను పోయినా పనికొచ్చేవి బ్యాకప్ కోడ్‌లు. టూ స్టెప్ పేజీలో అడిగితే, ఒక్కొక్కటి 8 అంకెలున్న 10 కోడ్‌లు ఇస్తుంది. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. కొత్త జాబితా తీసుకుంటే పాతది చెల్లదు. వాటిని ఫొటో తీసి అదే ఫోనులో పెట్టుకోవడం ఇంటి తాళంచెవిని ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకోవడంతో సమానం. కాగితం మీద అచ్చు వేయించండి, లేదా చేత్తో రాసుకోండి. నెట్ సెంటర్ ప్రింటరు మాత్రం వద్దు.

బాబాయిగారు తన కోడ్‌లను వేంకటేశ్వరస్వామి క్యాలెండరు వెనుక రాస్తానన్నారు. క్యాలెండరు ఏడాదికి మారిపోతుందని నేను, పైగా హాల్లో అందరికీ కనిపిస్తుందని పిన్ని గుర్తు చేశాక, బీరువా లాకరులో ఎల్ఐసీ బాండ్ల ఫైలులో పెట్టారు. ఇప్పటికి రెండు కోడ్‌లు వాడి కొట్టేశారు, ఇంకా ఎనిమిది ఉన్నాయి.